కార్బన్ క్యాప్చర్ భాగస్వామ్యాలు: సంతకానికి ముందు అడగవలసిన మూడు ప్రశ్నలు

చెన్నై శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో కెమికల్ ఇంజనీరింగ్ బోధిస్తున్న తెలుగు అధ్యాపకురాలు ఒకరు మూడు సంగతులు అడిగారు. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూగర్భంలో నిల్వచేసే అంశంపై తమ కళాశాల ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో అవగాహన ఒప్పందం కుదుర్చుకోబోతోందనీ, దానివల్ల నిజంగా పరిశోధన జరుగుతుందా అన్నది మొదటిది. ఐఐటీలు, ఐఐఎస్‌సీ ఉన్న చోట తమలాంటి కళాశాలకు మిగిలే పని ఏమిటన్నది రెండోది. దీన్ని ఐచ్ఛిక పాఠ్యాంశంగా పెడితే పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయా అన్నది మూడోది.

మేడమ్ గారూ, నేను చెన్నైలో గ్యాస్ శుద్ధి యూనిట్ల డిజైన్‌లో చాలాకాలం పనిచేసి, ఆ తరువాత సిమెంటు, విద్యుత్ రంగాల పైలట్ ప్లాంట్ల వైపు వచ్చినవాణ్ణి. విశ్వవిద్యాలయాలతో కలిసి చేసిన పనుల్లో బల్లకు పరిశ్రమ వైపునే ఎక్కువగా కూర్చున్నాను కాబట్టి, నా మాటల్లో ఆ మొగ్గు కొంత కనిపిస్తే సర్దుకుని చదవండి.

ఈ రంగంలో ఏ ఒప్పందం నా ముందుకు వచ్చినా మూడు ప్రశ్నలే వేస్తాను. పొగ ఎవరిస్తారు? బావి ఎవరిస్తారు? డేటా ఎవరి చేతిలో ఉంటుంది? ఈ మూడింటిలో కనీసం ఒకదానికైనా పేరుతో సహా జవాబు ఉంటే ఆ ఒప్పందంలో పరిశోధన ఉంది. ఒక్కదానికీ లేకపోతే రెండు సంస్థల ప్రతినిధులు శాలువాలు కప్పుకుని ఫోటో దిగడంతో వ్యవహారం ముగుస్తుంది. తాంబూలాలు పుచ్చుకున్నాక ముహూర్తం ఊసే ఎత్తని సంబంధాలు మనకు కొత్తవి కావు కదా.

ఈ మూడు ప్రశ్నలే ఎందుకంటే, ఇక్కడ పని స్వభావమే ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తికానిది. బొగ్గు విద్యుత్ కేంద్రం పొగలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 12 నుంచి 15 శాతం ఉంటుంది, గ్యాస్ టర్బైన్ పొగలో 4 శాతం దగ్గరే ఆగిపోతుంది, సిమెంటు బట్టీలో సున్నపురాయి విడిపోయేటప్పుడు కూడా అదే వాయువు వస్తుంది కాబట్టి అక్కడ గాఢత ఇంకా ఎక్కువ. దాన్ని అమైన్ (కార్బన్ డయాక్సైడ్‌ను అంటిపెట్టుకునే నైట్రోజన్ సమ్మేళనం) ద్రావణంతో కడిగి పట్టడం మనలాంటి కెమికల్ ఇంజనీర్ల పని. పట్టినదాన్ని విడిపించాలంటే, మోనోఇథనాలమైన్ అనే అమైన్ 30 శాతం ఉన్న ద్రావణానికి టన్ను వాయువుకు దాదాపు 3.5 నుంచి 4 గిగాజౌళ్ల వేడి కావాలి. ఆ ఆవిరిని ఎక్కడి నుంచి మళ్లించాలో ప్లాంటు నడిపేవారే చెప్పగలరు. విడిపించిన వాయువు 31 డిగ్రీల సెల్సియస్, 73.8 బార్ దాటితే సూపర్‌క్రిటికల్ స్థితికి, అంటే వాయువులా పాకుతూనే ద్రవంలా చిక్కగా ఉండే స్థితికి వచ్చి తక్కువ చోటులో ఎక్కువగా ఇముడుతుంది. నేలలో సుమారు 800 మీటర్ల కంటే లోతున ఆ ఉష్ణోగ్రత, ఆ పీడనం సహజంగానే ఉంటాయి. అయితే ఆ లోతులో రంధ్రాలున్న ఇసుకరాయి ఉందా, దానిమీద వాయువును పైకి రానివ్వని షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) పొర ఉందా అన్నది భూగర్భ శాస్త్రజ్ఞుడు తేల్చాలి. ఆ తరువాత బావిలో దించిన ఉక్కు గొట్టం (కేసింగు) వెనక పోసిన సిమెంటు ఎన్నేళ్లు నిలుస్తుంది, నేల కింది చోటు ఎవరి హక్కు, లీకైతే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలు వరసగా వస్తాయి. ఒక విభాగం ఒక్కటే కూర్చుని ఈ గొలుసులో ఒక లంకెను ఎంత మెరుగుపరచినా, పక్క లంకె వాళ్లు ఆ ఫలితాన్ని వాడుకోలేకపోతే అది పత్రికలో వ్యాసంగా మిగిలిపోతుంది.

మూడు ప్రశ్నలకూ జవాబున్న భాగస్వామ్యం ఎలా ఉంటుందో చూడాలంటే ఐస్‌లాండ్‌లోని కార్బ్‌ఫిక్స్ ప్రాజెక్టును చూడాలి. రేక్యవిక్ నగరపు ఇంధన సంస్థ, ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్సు జాతీయ పరిశోధన సంస్థ, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టిన పని అది. హెల్లిషైది భూతాప విద్యుత్ కేంద్రం వాయువునూ బావులనూ ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు రసాయన శాస్త్రాన్నీ డాక్టరేట్ విద్యార్థులనూ ఇచ్చాయి. 2012లో కార్బన్ డయాక్సైడ్‌ను నీటిలో కరిగించి లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్ శిలలోకి పంపారు. కొంతకాలానికి పర్యవేక్షణ బావిలోని పంపు మొరాయించింది. పైకి తీసి చూస్తే దానిమీద కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) పేరుకుని ఉంది, అంటే పంపిన వాయువు అప్పటికే రాయిగా మారుతోందన్న మాట. పంపినదానిలో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే ఖనిజంగా మారిందని 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. పంపు ఆగిపోవడం ప్లాంటు సిబ్బంది దృష్టిలో మరమ్మతు వ్యవహారం మాత్రమే. దానిమీది తెల్లటి పూతను గీకి ప్రయోగశాలకు పంపాలని తోచే మనుషులు అదే ఆవరణలో తిరుగుతూ ఉండటం వల్లనే అది శాస్త్రమైంది. భాగస్వామ్యం అనే మాటకు నేను చెప్పుకునే అర్థం అదే.

ఇదే పనికి రెండో పద్ధతి అమెరికాలో ఉంది. అక్కడి ఇంధన శాఖ 2003లో ప్రాంతాలవారీగా ఏడు కార్బన్ నిల్వ భాగస్వామ్యాలను ఏర్పాటు చేసి, రాష్ట్రాల భూగర్భ సర్వే సంస్థలనూ విశ్వవిద్యాలయాలనూ కంపెనీలనూ వాటిలో కలిపింది. వాటిలో ఇల్లినాయ్ రాష్ట్ర భూగర్భ సర్వే నడిపిన డెకేటర్ ప్రాజెక్టు మీకు ప్రత్యేకంగా పనికొస్తుంది. అక్కడి మొక్కజొన్న ఇథనాల్ కర్మాగారం నుంచి దాదాపు శుద్ధంగా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను 2011 నుంచి 2014 వరకు, రెండు కిలోమీటర్లకు పైగా లోతున్న మౌంట్ సైమన్ ఇసుకరాయిలోకి పంపారు. మొత్తం పది లక్షల టన్నుల దగ్గరికి చేరింది. నిల్వపై జాతీయ విద్యా కేంద్రాన్ని మాత్రం ఏ పెద్ద విశ్వవిద్యాలయంలోనూ పెట్టలేదు, ఊళ్లోనే ఉన్న రిచ్‌ల్యాండ్ కమ్యూనిటీ కళాశాలలో పెట్టారు. మన పాలిటెక్నిక్‌కూ డిగ్రీ కళాశాలకూ మధ్యస్థంగా ఉండే సంస్థ అది. కర్మాగారానికి కావలసిన ఆపరేటర్లు అటువంటి కళాశాలల నుంచే వస్తారు, ఊరివాళ్లు అనుమానాలు అడిగేదీ అక్కడే. 2024లో అదే చోట ఒక పర్యవేక్షణ బావి దగ్గర ద్రవం అనుమతించిన పొరను దాటిందని తేలి, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కంపెనీకి నోటీసు ఇచ్చింది, ఇంజెక్షన్ ఆపవలసి వచ్చింది. ఈ రెండో సంగతిని కూడా తరగతిలో తప్పక చెప్పండి. విజయాలను మాత్రమే వల్లించే పాఠ్యాంశం పిల్లల్ని ఉద్యోగానికి సిద్ధం చెయ్యదు.

యూరప్ సంగతి క్లుప్తంగా చెబుతాను. నార్వే 1996 నుంచి ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ దగ్గర ఏటా పది లక్షల టన్నులకు అటూ ఇటూగా సముద్రగర్భపు ఇసుకరాయిలో నిల్వచేస్తూ వచ్చింది. ఆ ప్రాజెక్టులో నేలలోకి ధ్వని తరంగాలు పంపి తీసిన సీస్మిక్ సర్వే డేటాను పరిశోధకులకు ఉచితంగా అందుబాటులో పెట్టడం నా దృష్టిలో ఆ నిల్వ అంత గొప్ప పని. మోంగ్‌స్టాడ్‌లో 2012లో తెరిచిన పరీక్షా కేంద్రం, అమెరికాలో విల్సన్‌విల్ దగ్గరున్న జాతీయ కార్బన్ క్యాప్చర్ కేంద్రం బయటివాళ్లకు నిజమైన పొగను ఇచ్చి, వాళ్ల ద్రావణాలను అక్కడ పరీక్షించుకోనిస్తాయి. బ్రిటన్‌లో 2012లో ఏర్పడిన కార్బన్ క్యాప్చర్ పరిశోధన కేంద్రం విశ్వవిద్యాలయాలనూ భూగర్భ సర్వేనూ ఒక గొడుగు కిందికి తెచ్చి, కొత్త పరిశోధకులకు శీతాకాల పాఠశాలలు నడుపుతోంది.

ఇక మన దగ్గరికి వద్దాం. భారతదేశం ఈ విషయంలో ఆలస్యంగా మేల్కొన్నదని చాలామంది అంటారుగానీ, 2003లో కార్బన్ సీక్వెస్ట్రేషన్ లీడర్‌షిప్ ఫోరం అనే అంతర్జాతీయ వేదిక ఏర్పడినప్పుడే మనం వ్యవస్థాపక సభ్యులం. ఆ దశాబ్దంలోనే హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), విద్యుత్ సంస్థ ఎన్‌టీపీసీ, అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల కలిసి దక్కన్ బసాల్ట్‌లో నిల్వ సాధ్యాసాధ్యాలను పరిశీలించాయి. ఆ అమెరికా ప్రయోగశాల తరువాత 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలోని వలూలా దగ్గర బసాల్ట్‌లోకి సుమారు వెయ్యి టన్నులు పంపి, కొన్నేళ్ల తరువాత తీసిన రాతి ముక్కల్లో కార్బనేట్ ఖనిజాలను చూపించింది. మన దక్కన్ పీఠభూమిలో అటువంటి బావి పడలేదు. అధ్యయనం దాకా వచ్చి బావి దగ్గర ఆగిపోవడం మన భాగస్వామ్యాల పాత జబ్బు.

పొగ విషయంలో మన పరిస్థితి అంతకంటే చాలా మెరుగు. తూత్తుకుడిలో ఒక సోడా యాష్ కర్మాగారం బొగ్గు బాయిలరు పొగ నుంచి ఏటా 60,000 టన్నుల దాకా పట్టే యూనిట్‌ను 2016లోనే మొదలుపెట్టి, ఆ వాయువును తన ఉత్పత్తికే వాడుకుంది; ఆ సాంకేతికతను ఇచ్చిన కార్బన్ క్లీన్ సంస్థను స్థాపించినవారు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదువుకున్నవాళ్లు. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ 2021లో బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు నుంచి రోజుకు ఐదు టన్నులు పట్టే యూనిట్ పెట్టింది, వింధ్యాచల్‌లో ఎన్‌టీపీసీ రోజుకు ఇరవై టన్నులది పెట్టింది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2022లో రెండు జాతీయ కేంద్రాలను ప్రకటించినప్పుడు ఒకటి ఐఐటీ బొంబాయికి, ఒకటి బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రానికి వచ్చాయి. జక్కూరులోనే పుట్టిన బ్రీత్ అనే అంకుర సంస్థ కార్బన్ డయాక్సైడ్‌ను మిథనాల్‌గా మార్చే పనితో అంతర్జాతీయ ఎక్స్‌ప్రైజ్ పోటీలో తుది దశ దాకా వెళ్లింది. 2025 మే నెలలో అదే శాఖ సిమెంటు రంగానికి ఐదు పరీక్షా వేదికలను ప్రకటించింది. వాటిలో ఒకదానిలో డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ, ఐఐటీ తిరుపతి, బెంగళూరు ఐఐఎస్‌సీ ఒక సిమెంటు కంపెనీతో కలిశాయి. మరొకదానిలో ఐఐటీ మద్రాసు, బిట్స్ పిలానీ గోవా ప్రాంగణం ఇంకొక సిమెంటు కంపెనీతో కలిశాయి. ప్రతి వేదికలోనూ ఒక కంపెనీ ఉండి తీరాలన్న నియమం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు అక్కడ కాగితం మీదనే ఉంది.

వీటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అన్నీ పట్టడం, వాడుకోవడం గురించినవే. నిల్వ వైపు మనుషులు పలచగా ఉన్నారు. వాడుకోవడం మంచిదే గానీ, దేశంలో మిథనాల్, యూరియా, సోడా యాష్ అన్నీ కలిపి మింగగలిగిన వాయువు మన పొగగొట్టాలు వదిలేదానిలో చిన్న భాగమే అవుతుంది. పైగా యూరియాలోకి వెళ్లినది పొలంలో చల్లగానే మళ్లీ గాలిలో కలుస్తుంది, మిథనాల్ తగలబెడితే అంతే. దేశంలో భూగర్భ నిల్వకు 395 నుంచి 614 గిగాటన్నుల (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) దాకా చోటుందని ఐఐటీ బొంబాయి పరిశోధకుల అంచనా ఒకటి 2021లో వచ్చింది. అందులో ఎక్కువ భాగం లోతైన ఉప్పునీటి పొరలు, బసాల్ట్ శిలలు. అది బేసిన్ల (ఇసుక, మట్టి పొరలు పేరుకున్న పల్లపు ప్రాంతాల) విస్తీర్ణం, మందం, రంధ్రత లెక్కగట్టి వేసిన సైద్ధాంతిక అంచనా. ఫలానా చోట ఫలానా బావిలో ఏటా ఇన్ని టన్నులు వెళతాయని ఏ బ్యాంకుకైనా చూపించాలంటే రాతి నమూనాలు, ఇంజెక్షన్ పరీక్షలు, పర్యవేక్షణ బావులు కావాలి. వాటిని చెయ్యగలిగిన యువతరం మన దగ్గర కొరత. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఈ కొరతలోనే ఉంది.

చెన్నై, బెంగళూరుల కింద ఏముందో ఒక్కసారి ఆలోచించండి. బెంగళూరు నిలబడింది నైస్ అనే పురాతనమైన, రంధ్రాల్లేని గట్టి శిల మీద; అందులో నిల్వ అన్న ప్రశ్నే లేదు. చెన్నైకి ఉత్తరాన మణలి శుద్ధి కర్మాగారం, ఎన్నూరు, వల్లూరు విద్యుత్ కేంద్రాలు పొగ పుష్కలంగా ఇస్తాయి గానీ వాటికి అందుబాటులో ఉన్న నిల్వ చోట్లు దక్షిణాన కావేరీ బేసిన్, ఉత్తరాన కృష్ణా–గోదావరి బేసిన్. ఎర్రగుంట్ల, తాడిపత్రి, నంద్యాల వైపు మన సిమెంటు కర్మాగారాలు కూర్చున్న కడప బేసిన్ కూడా అవక్షేప బేసినే, కాకపోతే అది వందకోట్ల ఏళ్లు దాటిన గట్టిపడిన రాయి, రంధ్రాలు మూసుకుపోయిన రాయి. ఈ తేడా తెలియకుండా, సిమెంటు ప్లాంటు కిందనే బావి తవ్వి పంపేద్దామని రాసిన ప్రాజెక్టు ప్రతిపాదనలు నేను చూశాను. రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, వాళ్ల బృందంలో భూగర్భ శాస్త్రం చదివినవాడు ఒక్కడూ లేడు, అంతే.

కాబట్టి విదేశీ విశ్వవిద్యాలయం కంటే ముందు మీరు చెయ్యి కలపవలసింది ఒక జియాలజీ విభాగంతో. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం ఉంది, మన వైపు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, విశాఖలో పెట్రోలియం, ఇంధన సంస్థ ఉంది, ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజనీరింగ్ విభాగమే పెట్రోలియం కోర్సు నడుపుతోంది. కావేరీ, కృష్ణా–గోదావరి బేసిన్లలో దశాబ్దాలుగా బావులు తవ్వినది ఓఎన్‌జీసీ. వాళ్లతో ఒప్పందం మీ స్థాయికి వెంటనే సాధ్యం కాకపోవచ్చు గానీ, వాళ్ల దగ్గర పనిచేసి విరమించి చెన్నైలోనూ రాజమండ్రిలోనూ స్థిరపడిన రిజర్వాయర్ (చమురు, వాయువు నిలిచే రాతి పొర) ఇంజనీర్లు ఉన్నారు. ఒక సెమిస్టరుకు అతిథి అధ్యాపకుడిగా రమ్మంటే సంతోషంగా వచ్చేవాళ్లు వాళ్లలో ఉంటారు. అరియలూరు దగ్గర కావేరీ బేసిన్‌లోని క్రిటేషియస్ (డైనోసార్ల చివరి యుగపు) పొరలు నేలమీదికే తేలి కనబడతాయి, శిలాజాల కోసం జియాలజీ విద్యార్థులు ఎప్పటి నుంచో వెళ్లే చోటు. మీ కెమికల్ ఇంజనీరింగ్ పిల్లల్ని వాళ్లతో కలిపి ఒక్కసారి బస్సెక్కించండి. చేతిలోకి తీసుకున్న ఇసుకరాయి మీద నీటి చుక్క వేస్తే ఇంకిపోవడం, పక్కనే ఉన్న బంకమట్టి రాయి మీద అదే చుక్క నిలబడిపోవడం చూసినవాడికి రిజర్వాయర్, కవచ శిల అన్న రెండు భావనలను మళ్లీ చెప్పనవసరం లేదు. తిరుగు ప్రయాణంలో సున్నపురాయి గనుల పక్కనే సిమెంటు కర్మాగారాల పొగగొట్టాలు కూడా కనిపిస్తాయి.

పొగ వైపు మీరు చెయ్యగలిగిన పని ఇంకొకటి ఉంది, పెద్ద సంస్థలు దానిని పెద్దగా పట్టించుకోవు. ఒక ఉదాహరణ చెబుతాను. మేము నడిపిన ఒక పైలట్ యూనిట్‌లో ద్రావణాన్ని వారానికోసారి సీసాలోకి తీసి, తేదీ రాసి, ప్రయోగశాల కిటికీ అంచున వరసగా పెట్టేవాళ్లం. మొదటి సీసా నీళ్లలా తేటగా ఉండేది. తరువాతివి లేత పసుపు, తేనెరంగు, ముదురు గోధుమ రంగు దాటి చివరికి డికాక్షన్‌లా నల్లబడేవి. పొగలోని ఆక్సిజన్, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు అమైన్‌ను విరగ్గొట్టి వేడికి విడిపోని లవణాలుగా మారుస్తాయి. ఇనుము కరుగుతున్న కొద్దీ ఆ విరగడం ఇంకా వేగమవుతుంది. బొగ్గు కేంద్రాలకు 2015లో నిర్దేశించిన సల్ఫర్ పరిమితులకు తగ్గ శుద్ధి యూనిట్లు లేని ప్లాంట్లలో ఈ సమస్య మరీ తీవ్రం. ఇది మన బొగ్గు, మన బూడిద, మన వేసవి ఎండ కలిసి చేసే పని కాబట్టి మోంగ్‌స్టాడ్‌లో ప్రచురించిన అంకెలు మనకు నేరుగా సరిపోవు. ఆ సీసాలను విశ్లేషించడానికి అయాన్ క్రోమటోగ్రఫీ, టైట్రేషన్, ఓపిక ఉంటే చాలు. మొదటి రెండూ మీ కళాశాలలో ఉన్నాయని మీ ప్రశ్నలోనే రాశారు. ఒక పరీక్షా వేదిక నుంచి నెలనెలా నమూనాలు తెచ్చుకుని రెండేళ్లపాటు విడవకుండా కొలిచే బృందం దక్షిణాదిలో ఉంటే, ఐఐటీవాళ్లే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

డేటా అన్న మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువ ఒప్పందాలు చెడతాయి. నాకు దగ్గరగా తెలిసిన ఒక ప్రాజెక్టులో విదేశీ భాగస్వామి ఇక్కడి విద్యార్థులు రాత్రింబవళ్లు తీసిన రీడింగులను తమ సర్వర్‌లోకి తీసుకుని, విశ్లేషించిన ఫలితాలను వాణిజ్య రహస్యం పేరుతో తిరిగి ఇవ్వలేదు. ఇక్కడి కంపెనీ మాత్రం తక్కువ తిన్నదా? పొగలో సల్ఫర్ ఎంతుందో బయటపెడితే కాలుష్య నియంత్రణ మండలి దాకా వెళుతుందన్న భయంతో వాయు కూర్పునే దాచిపెట్టింది. మధ్యలో నలిగినది ఇద్దరు పరిశోధక విద్యార్థుల థీసిస్. వాళ్ల మార్గదర్శకుడు ఆఖరికి ప్రయోగశాలలో కృత్రిమంగా కలిపిన వాయువుతో వేరే అధ్యాయాలు రాయించి గట్టెక్కించాడు. ఒప్పందంలో ఒక్క వాక్యం ముందే రాసి ఉంటే ఆ పరిస్థితి రాకపోయేది.

పాఠ్యాంశం విషయంలో నా సలహా, కార్బన్ క్యాప్చర్ పేరుతో పూర్తి డిగ్రీ పెట్టకండి. మూడు క్రెడిట్ల ఐచ్ఛిక పాఠ్యాంశం, దానికి తోడు ఒక ప్రయోగశాల చాలు. సగం అబ్జార్ప్షన్, సాల్వెంటు, కంప్రెషన్. మిగతా సగం తప్పనిసరిగా రంధ్రాలున్న రాయిలో (పోరస్ మీడియాలో) ప్రవాహం, బావి నిర్మాణం, పర్యవేక్షణ, చట్టం. ఈ రెండో సగం మీ విభాగంలో ఎవరూ చెప్పలేరు కాబట్టే జియాలజీ వారితో పొత్తు కావాలన్నది. ఖర్చు గురించి బెంగపడనక్కర్లేదు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఈ అంశంపై పరిచయ కోర్సు పెట్టింది. రిజర్వాయర్ అనుకరణకు నార్వేవాళ్లు రూపొందించిన ఎంఆర్‌ఎస్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ప్రాసెస్ ఫ్లోషీట్లకు డీడబ్ల్యూసిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని నేర్పడానికి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చదువుల్లోకి తెచ్చే ఐఐటీ బొంబాయి ఫాసీ బృందం ఎప్పటి నుంచో కళాశాలలతో పనిచేస్తోంది. స్లైప్నర్ డేటాను దించుకుని, వేర్వేరు సంవత్సరాల సీస్మిక్ సర్వే చిత్రాలను పక్కపక్కన పెట్టి వాయువు ఎటు పాకిందో గుర్తించమనడం చివరి సంవత్సరం ప్రాజెక్టుకు చక్కగా సరిపోతుంది. ఒకరిద్దరు చురుకైనవాళ్లు పరిశోధనలోకి వెళితే, ఐఈఏ గ్రీన్‌హౌస్ గ్యాస్ కార్యక్రమం 2007 నుంచి నడుపుతున్న అంతర్జాతీయ వేసవి పాఠశాలకు దరఖాస్తు చేయించండి. అక్కడ వారం రోజుల్లో ఏర్పడే పరిచయాలు ఎన్నో ఒప్పంద పత్రాల కంటే ఎక్కువకాలం నిలుస్తాయి.

ఉద్యోగాల సంగతి పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పండి. మన దేశంలో ఇవాళ కార్బన్ క్యాప్చర్ ఇంజనీర్ అన్న హోదాతో నియామకాలు అంతంత మాత్రమే. కానీ ఈ పాఠ్యాంశంలో నేర్చుకునే అమైన్ వ్యవస్థలు శుద్ధి కర్మాగారాల్లోనూ ఎరువుల ప్లాంట్లలోనూ ఇప్పటికే ఉన్నాయి. చెన్నైలోని డిజైన్ సంస్థలు, బెంగళూరులో హెచ్‌పీసీఎల్ హరిత పరిశోధన కేంద్రం, షెల్ సాంకేతిక కేంద్రం వంటివి చూసేది గ్యాస్ శుద్ధి (గ్యాస్ ట్రీటింగ్) గట్టిగా వచ్చిన మనిషినే. 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం వల్ల ఉద్గారాల కొలత, ధ్రువీకరణ పనులు కూడా పెరుగుతున్నాయి. రిజర్వాయర్ వైపు కొంచెం తెలిసిన కెమికల్ ఇంజనీర్ అయితే ప్లాంటువాళ్లకూ భూగర్భ శాస్త్రజ్ఞులకూ మధ్య దుబాసీగా పనికొస్తాడు, అటువంటివాళ్లు నాకు ఇంటర్వ్యూల్లో అరుదుగానే తగిలారు.

ఇక మీ చేతిలో ఉన్న ఆ ఒప్పంద ముసాయిదా. అందులో "పరస్పర ఆసక్తి గల రంగాల్లో సహకారం" అన్న వాక్యం కింద నాలుగు సంగతులు చేర్చమని మీ ప్రిన్సిపాల్ గారిని అడగండి. ఏ ప్లాంటు నుంచి, ఏ నెల నుంచి వాయువు గానీ నమూనాలు గానీ వస్తాయో పేరుతో రాయాలి. పేరు ఇప్పుడే చెప్పలేమంటే, చెప్పగలిగేదాకా సంతకం ఆపినా నష్టం లేదు. ఇరువైపులా తీసిన కొలతలు ఆరు నెలల్లోపు ఇద్దరికీ అందాలనీ, విద్యార్థి థీసిస్‌కు అవసరమైన డేటాను రహస్యం పేరుతో ఆపకూడదనీ, అవసరమైతే కంపెనీ పేరును మాత్రం దాచవచ్చనీ ఉండాలి. ప్రతి ఏడాదీ ఇక్కడి నుంచి ఒక విద్యార్థి అక్కడికి, అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి కనీసం ఒక సెమిస్టరు వచ్చి పనిచెయ్యాలి, ప్రయాణ ఖర్చు ఎవరిదో అంకెతో సహా ఉండాలి. నాలుగోది అన్నిటికంటే చిన్నదిగా కనిపిస్తుంది గానీ పనులు ఆగేది దాని దగ్గరే: వాడిన అమైన్ నమూనాల రవాణా, పారవేత బాధ్యత. అది ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుందా రాదా అని మీ భద్రతాధికారితో ముందే తేల్చుకోండి. లేకపోతే మొదటి పెట్టె ప్లాంటు గేటు దగ్గరే ఆగిపోతుంది, సెక్యూరిటీ వాళ్లు ఏ కాగితం అడుగుతున్నారో ఎవరికీ తెలియక సెమిస్టరు గడిచిపోతుంది. ముసాయిదాలో సాంకేతిక భాగం వరకు ఇక్కడ పెడితే, కంపెనీ పేర్లు తీసేసి, నేనూ నాలాంటి మరికొందరూ చదివి గుర్తులు పెట్టి ఇస్తాం.